మంగళవారం నాటి బూట్ల వరస

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున పెరట్లో చిక్కుడు తీగకి పందిరి కడుతుంటే, మా అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నా, మన క్లినిక్ నర్సమ్మగారు పోయారు" అంది. పురికొస చేతిలోనే ఉండిపోయింది. ఏడవాలో, ఆ తల్లికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. గుంటూరు జిల్లాలో ధాన్యం మిల్లులో కాటా దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేశాను. రాయడం అలవాటు లేదు. కానీ ఈవిడ గురించి నలుగురికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. తప్పులుంటే సర్దుకోండి.

ఇప్పుడు మేముండేది పరదేశంలో, కూతురి దగ్గర, టౌరంగా అనే పట్నానికి గంట దూరంలో. చుట్టూ కివీ పళ్ల తోటలు, పాడి రైతుల పచ్చిక బయళ్లు. అల్లుడికి తోటలో పని. పెద్ద క్లినిక్ నలభై కిలోమీటర్ల అవతల టౌన్లో ఉంది. ఆ క్లినిక్ వాళ్లే మా ఊరి కమ్యూనిటీ హాలు పక్కగదిలో ఒక చిన్న బ్రాంచి, సముద్రం వైపు ఊళ్లో ఇంకొకటి నడుపుతారు. మా దగ్గరికి మంగళవారం నర్సమ్మగారు, గురువారం డాక్టరుగారు. మిగతా రోజులు తాళం. మందులు పేర్లు రాసిన కవర్లలో టౌన్ నుంచి మా ఊరి డైరీకి వస్తాయి. ఇక్కడ చిల్లర కొట్టుని డైరీ అంటారు లెండి. బ్రెడ్డుతోపాటు బీపీ మాత్రలు కూడా అక్కడే తెచ్చుకోవడం.

నేను మొదటిసారి వెళ్లిన మంగళవారం వాన. వరండాలో మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు అరడజను జతలు, బురదతో, ఒకటి నిలబడి ఒకటి పడిపోయి ఉన్నాయి. లోపల మా అమ్మాయి నా పేరు రాయిస్తోంది. ఊరికే ఉండలేని చెయ్యి కదా నాది, నా చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆ బూట్లన్నీ గోడవారగా పెద్దవి ముందూ చిన్నవి వెనకా చక్కగా సర్దేశాను. మిల్లులో బస్తాలు పేర్చినట్టు! పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

నర్సమ్మగారు బయటికి వచ్చి, వరసలో మొదటి బూట్లు చూసి ఎవర్నో పిలిచారు. అంతే. ట్రక్కుల్లో కూర్చున్న ముగ్గురు రైతులు మేజోళ్లతోనే వానలో దిగి వచ్చారు.

"నేను కదా ముందొచ్చింది!"

"నీ బూట్లు నా వెనకాల ఉండేవి."

"మరి ఇప్పుడు ముందెలా ఉన్నాయి, నడుచుకుంటూ వెళ్లాయా?"

అప్పుడు తెలిసింది. అక్కడ మంగళవారానికి అపాయింట్‌మెంట్ లేదు, టోకెన్ లేదు. బూట్లే వరస. బూట్లు వరండాలో వదిలి ట్రక్కులో కూర్చుంటే, ఎవరి బూట్లు ఎవరివో నర్సమ్మగారికి తెలుసు. నేను మా అమ్మాయి వెనకాల దాక్కున్నాను. ఆవిడ పగలబడి నవ్వి, "పాతికేళ్లలో ఈ వరండా ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు" అన్నారట. అమ్మాయి తెలుగులో చెప్పింది. ఆ రోజు నన్నే మొదట పిలిచారు. ఎవరూ పోట్లాడలేదు.

ఆవిడ గదిలో ఒక కెటిల్, రెండు కుర్చీలు, ఒక తూకం మిషను. ఎవరొచ్చినా ముందు టీ. "కాస్త కూర్చో. నీ రక్తపోటు కూడా నీతోపాటు కూర్చుంటుంది" అనేవారు. మా అమ్మాయి చేత తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని బీరువా తలుపుకి అంటించుకున్నారు. 'నొప్పా? ఎక్కడ? ఊపిరి పీల్చండి.' ఆ 'పీల్చండి' ఆవిడ నోట ఎలా పలికేదో గానీ, నాకు నవ్వొచ్చి ఊపిరి దానంతటదే లోపలికి పోయేది.

ఇప్పుడు అసలు మాట చెప్తాను. ఎలా ఉన్నావని ఎవరడిగినా బాగున్నాననే నా జవాబు. మర్యాద అది. ఆడకూతుర్ని కూర్చోబెట్టి మన రోగాలు ఏకరువు పెడతామా? అందుకని ప్రతిసారీ "ఫైన్, ఫైన్" అనేవాణ్ణి. ఒక మంగళవారం అలాగే అని లేవబోతుంటే, ఆవిడ నన్ను వదిలేసి వరండాలోకి వెళ్లి నా చెప్పులు చేతిలో పట్టుకొచ్చారు. నాకు చచ్చినంత పనైంది. పెద్దావిడ నా చెప్పులు ముట్టుకోవడమేమిటి!

"పట్టీ ఎప్పుడూ రెండో బెజ్జంలో పెడతావు. ఇవాళ చివరి బెజ్జంలో ఉంది. కాళ్లు వాచాయి కదూ?"

వాచాయి. పది రోజులైంది. పడుకుంటే ఆయాసం కూడా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ వెంటనే టౌన్లో డాక్టరుగారితో వీడియోలో మాట్లాడి, ఆ మధ్యాహ్నమే నన్ను టౌరంగా ఆసుపత్రికి పంపించారు. గుండె బలహీనపడి ఒళ్లంతా నీరు చేరుతోందన్నారు అక్కడ. ఇంకో వారం ఆగితే ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు. తిరిగొచ్చాక ఆవిడ నా చెప్పులకేసి వేలు చూపించి ఒకటే మాట అన్నారు: "మనిషి అబద్ధం చెప్తాడు. చెప్పు చెప్పదు."

మా అమ్మాయి మనదేశంలో నర్సింగ్ చదివినా, ఇక్కడ ఆరేళ్లు వృద్ధుల హోమ్‌లో సహాయకురాలిగానే చేసింది. ఆ తల్లే కూర్చోబెట్టి పరీక్షలకి చదివించి, పాసయ్యేదాకా వదల్లేదు. ఈలోగా ఆవిడకే జబ్బు చేసింది. మూడు నెలలు మంగళవారం తలుపు తెరుచుకోలేదు. ఇంత దూరం వచ్చే నర్సు దొరక్కపోతే బ్రాంచి మూసేస్తామని కాగితం అంటించారు. ఆవిడ పక్కమీదనుంచే మా అమ్మాయికి ఫోన్ చేసి అప్లై చెయ్యమన్నారు.

"ఇంత మంది ముసలి రైతులు నన్ను నమ్ముతారా నాన్నా?" అని అది రెండు రాత్రులు నిద్రపోలేదు. నాకూ అదే భయం.

శుక్రవారం ఉద్యోగం వచ్చిందని కబురు. శనివారం ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పాం. కళ్లు తెరిచి, మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, గొప్ప మాటలేవీ అనలేదు. "ఆ తలుపు వానకి ఉబ్బింది. కాస్త పైకెత్తి తొయ్యాలి. లేకపోతే రాదు" అన్నారు. మర్నాడే పోయారు.

ఆ తర్వాతి మంగళవారం నేను తయారవుతుంటే మా ఆవిడ, "ఏవండీ, మీకేం రోగమని?" అంది. "ఏం లేదు, కూతుర్ని చూసుకోవద్దూ" అన్నాను. వెళ్లేసరికి వరండాలో అప్పటికే ఐదు జతల బూట్లు. నా చెప్పులు చివర విడిచి, మా పక్క పొలం ముసలి రైతు ట్రక్కెక్కి కూర్చున్నాను. అమ్మాయి వచ్చి తలుపు పైకెత్తి తోసింది. వచ్చింది! కాసేపటికి బయటికొచ్చి వరస చూసి, మొదటి జత దగ్గర వంగి, "ఈ ఎడమ మడమ ఇంతలా అరిగిందేమిటి? మోకాలు ఎన్నాళ్ల నుంచి నొప్పి?" అని ట్రక్కు వైపు చూసి అడిగింది.

నా పక్కనున్న ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "ఆవిడ ఈ అమ్మాయికి అంతా చెప్పే పోయిందన్నమాట" అని గొణిగి, బొటనవేలు బయటికొచ్చిన మేజోళ్లతో దిగి వెళ్లాడు. ఏం చెప్పమంటారు! మూడు నెలల బరువు ఆ ఒక్క క్షణంలో దిగిపోయింది.

ఒక్కొక్క జతే తగ్గుతూ వచ్చింది. చివరికి నా చెప్పులొక్కటే మిగిలాయి. అమ్మాయి వచ్చి, నన్ను పిలవలేదు, ఎలా ఉన్నావనీ అడగలేదు. వంగి పట్టీ చూసింది. రెండో బెజ్జంలోనే ఉంది.