బావో సి అనని మాట

నేను డబ్బింగ్ రచయితను. తెరమీద మనిషి వీపు తిప్పితే పెదవులు కనబడవు, ఏ మాటైనా పెట్టవచ్చు. మాలో అందరూ చేసేదే. చైనా సీరియల్‌లో యూ అనే రాజు భార్య, రాణి బావో సి అలా తిరిగి నిలబడ్డచోట "మంట మళ్ళీ వెలిగించండి, ప్రభూ!" అని రాశాను. అసలులో ఆమె నోరే విప్పలేదు. సీరియల్ మరో చానెల్‌కు వెళ్ళేలోగా ఆ మాట తీయించాలని వరంగల్‌లో పొద్దుటి బండెక్కాను.

సికింద్రాబాద్‌లో ఇడ్లీ తిని, పది దాటాక జూబ్లీహిల్స్ బస్సు పట్టుకున్నాను. నిండా మెడలో కార్డులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలే. పక్కసీటు పెద్దావిడ దగ్గర సీరియల్ పేరెత్తగానే మొహం చిట్లించింది.

"గా రాణి గదా! రాజ్యమంతా ఆగం జేసింది."

"చేసింది ఆమె కాదమ్మా, రాజు. పెద్ద రాణినీ, ఆమె కొడుకునూ వెళ్ళగొట్టాడు. నవ్వని బావో సిని నవ్వించాలని, శత్రువొస్తే వెలిగించే కొండమంట ఊరికే వెలిగించాడు. సేనలు పరుగెత్తుకొచ్చి వెర్రిమొహాలు వేస్తే ఆమె నవ్వింది. రాజు అదే ఆట మళ్ళీ మళ్ళీ ఆడాడు. చివరికి పెద్ద రాణి తండ్రి నిజంగా దండెత్తితే, మంట చూసి ఎవరూ రాలేదు. రాజు చచ్చాడు. వెళ్ళగొట్టిన కొడుకే గద్దెనెక్కాడు."

"మళ్ళ ఎలిగియ్యమన్నది ఆమెనే గదా? నా చెవులతోని విన్న!"

"అది నేను రాసిన మాటమ్మా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ పాడుగాను! మా కోడలు జర నవ్వితే చాలు, గా రాణి పేరు వెట్టి తిడ్తడు మా ఆయన. పోయి తీసెయ్యి."

చెక్‌పోస్టు దగ్గర దిగి ఆటోలో ఫిల్మ్ నగర్ చేరాను. స్టూడియోలో నిర్మాత ప్రసాదరావు నవ్వేశాడు.

"ఎప్పుడో పోయిన రాణికి ఇప్పుడు వకాల్తా ఏంటండీ, మాస్టారూ? జనానికి గుర్తున్నదే ఆ డైలాగు!"

"అందుకే తీయాలి. తీసేదాకా ఈ గుమ్మం కదలను. కావాలంటే మోయించి బయట పడేయించండి."

రాణికి గొంతిచ్చిన రమాదేవి లోపలినుంచి వచ్చింది. "ఆవిడ అనలేదా? మరి నాచేత ఎందుకు చెప్పించారండీ?" అని నన్ను నిలదీసి, నిర్మాతవైపు తిరిగింది. "నా గొంతు తీసెయ్యండి. లేకపోతే ఇకమీద మీ సీరియళ్ళకు నేను గొంతివ్వను."

"అక్కడ ఖాళీగా ఉంటుందమ్మా!"

"ఉండనివ్వండి" అన్నాం ఇద్దరం.

భోజనాల వేళ దాటాక తీశారు. మళ్ళీ వేసి చూస్తే, ఇన్నాళ్ళూ ఆ మాటకింద మునిగిన చప్పుడు బయటపడింది. రాజు పగలబడి నవ్వుతున్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరమ్మాయిలు పెద్దగా నవ్వుతుంటే ఎవరో విసుక్కున్నారు. వాళ్ళు ఆపలేదు. బాగుందనిపించింది.

మీ ఇంట్లో పాత రికార్డింగు ఉంటే, రాణి వీపు తిప్పినచోట వినబడే మాట నాది. తిట్టదలిస్తే నన్ను తిట్టండి. కోడళ్ళను నవ్వుకోనివ్వండి.