కాసిం సాబ్ ప్లేటుకు నేను పట్టిన ఆకురాయి

1943లో వనపర్తి బజారులో నాకు చిన్న రిపేరు దుకాణం ఉండేది. కుట్టు మిషన్లు, గడియారాలు, చేత్తో తిప్పే గ్రామఫోన్లు బాగుచేసేవాణ్ణి. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు లేవు. చుట్టుపక్కల ఊళ్లలో గ్రామఫోను విప్పి మళ్లీ బిగించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, నా మాటకు ఎదురుండేది కాదు. కొత్తకోట కాసిం సాబ్ గ్రామఫోను ప్లేటు సంగతి ఎంతోమందికి కథలాగా చెప్పి నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ అబద్ధమే చెప్పాను. జరిగింది ఇది.

గ్రామఫోనులో గవర్నర్ అని ఒకటి ఉంటుంది. స్ప్రింగ్ ఎంత బలంగా లాగినా ప్లేటు ఒకే వేగంతో తిరిగేటట్టు పట్టి ఉంచే మూడు చిన్న గుండ్ల అమరిక అది. అది అరిగితే పాట ఒకచోట సాగుతుంది, ఇంకొకచోట పరుగెత్తుతుంది. దానికి నా పరీక్ష ఒక్కటే. తబలా ఉన్న భజన ప్లేటు వేసి కాలితో తాళం వేసేవాణ్ణి. కాలు తప్పకపోతే మెషిన్ బాగున్నట్టు.

కాసిం సాబ్ సికింద్రాబాదులో ఒక ఇంగ్లీషు డాక్టరు బంగళాలో వంట, వడ్డన చూసే ఖానసామాగా పనిచేసి సొంతూరు చేరిన పెద్దమనిషి. డాక్టరు తన దేశం వెళ్లిపోతూ మెషిన్, ఒకే ఒక ప్లేటు ఆయనకిచ్చాడట. రెండూ దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు.

“తిప్పుతుంటే హ్యాండిల్ జారుతుంది బేటా. జర స్ప్రింగ్ చూడు. ఇంకేం ముట్టకు,” అన్నాడు. పొద్దెక్కినాక వస్తానని బజారులోకి వెళ్లాడు.

స్ప్రింగ్ కొస విరిగింది. రివెట్ కొట్టి సరిచేశాను. తర్వాత ఆయన ప్లేటే వేసి చూశాను. గొంతు లేదు, తబలా లేదు, ఒంటరి పియానో. నెమ్మదిగా మొదలైంది. నేను కాలు కదిపాను. నాలుగు దెబ్బలు కుదిరాయి, అయిదోది కుదరలేదు. రాగం ఒకచోట వెనక్కి తగ్గి నిలబడింది, తర్వాత గబగబా నడిచింది, మళ్లీ నిలబడింది.

పక్క దుకాణం దర్జీ బాలయ్య సూది ఆపి, “ఏంది రాములూ, వాయించేటోనికి నిద్రొస్తుందా?” అన్నాడు.

ప్లేటు అంచున కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కబెట్టాను. నిమిషానికి డెబ్బై ఎనిమిది. ఉండవలసినన్నే ఉన్నాయి. భజన ప్లేటు వేశాను, కాలు తప్పలేదు. మళ్లీ పియానో వేస్తే మళ్లీ అదే. నా బుర్ర తిరిగిపోయింది. మెషిన్ బాగుంది, పాట బాగాలేదు. మరి లోపం ఎక్కడుంది?

కాసిం సాబ్ రాగానే, “సాబ్, మీ ప్లేటు సరిగ్గ లేదు. నడుమ నడుమ ఆగుతుంది,” అన్నాను.

“ప్లేటు ఆగుతలేదు బేటా, వాయించేటాయన ఆగుతుండు. ఆగనియ్యి.”

“ఎందుకు ఆగుతడు? తాళం తెల్వదా ఆయనకు?”

“ఎడమ చెయ్యి నడుస్తనే ఉంటది. కుడి చెయ్యి జర ఎన్కకు ఉండి వస్తది, చెప్పాల్నా వద్దా అని సోచాయించినట్టు. పదేండ్లు ట్రే పట్టుకొని తలుపు కాడ నిలబడి ఇన్న. ఆయన ఆగిన జాగల్నే కప్పు టేబుల్ మీద పెట్టేటోణ్ణి.”

“అయితే మీ కప్పు కోసమే ఆగిండేమో సాబ్!” అన్నాడు బాలయ్య. అందరం నవ్వాం. ఆయనా నవ్వి, నమాజుకు వెళ్లొస్తానని లేచాడు.

ఆయన అటు వెళ్లగానే నాకొకటి తట్టింది. ప్లేటు నడుమ రంధ్రం పక్కకు జరిగి ఉంటే కూడా పాట ఊగుతుంది. అదే అయి ఉంటుందనుకున్నాను. కొలిచి చూడలేదు. సన్న ఆకురాయి తీసుకుని రంధ్రాన్ని ఒకవైపు అరగదీశాను. ప్లేటు లక్కతో చేసింది కాబట్టి నల్లటి పొడి రాలింది. ఆయన వచ్చేసరికి పాట బాగుచేసి చూపించాలని నా ఆరాటం.

ఆయన వచ్చి కూర్చున్నాడు. ప్లేటు వేశాను. ఇప్పుడు చుట్టు చుట్టుకూ స్వరం పైకి లేచి కిందికి జారుతున్నది, మనిషి మూలిగినట్టు. కాసిం సాబ్ తల వంచి విన్నాడు.

“ఏం చేసినవ్ బేటా?”

బాలయ్య చూస్తున్నాడు. “నేనేం చెయ్యలే సాబ్. మొదటి నుంచి గిట్లనే ఉంది. స్ప్రింగ్ బలంగ లేక మీకు తెల్వలే. మీరు ఇన్నది ఆయన ఆగుడు కాదు, ప్లేటు లోపం.”

“పదేండ్లు?”

“అవును సాబ్.”

ఆయన నాతో వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. “నేనేందో ఇంటున్న అనుకున్న,” అని మాత్రం అని, దుప్పటి ముడి వేసుకున్నాడు. యుద్ధం రోజులు, విదేశీ ప్లేట్లు రావడం లేదు. అటువంటిది ఇంకొకటి తెచ్చి నా మాట సరిచూసుకునే దారి ఆయనకు లేదు.

మూడేళ్ల తర్వాత హైదరాబాదులో ఒక రిటైరయిన అధికారి ఇంట్లో, కరెంటుతో తిరిగే మెషిన్ మీద అదే పాట విన్నాను. వాయించింది వేరొకరట. కాసిం సాబ్ ప్లేటు ఆగినచోట ఈయన ఆగకుండా పోయాడు. ఎవరూ ఆగరనుకున్నచోట ఆగాడు. నాకు మళ్లీ అయోమయం. ఇంకోసారి వేయమని బతిమాలాను. అప్పుడు పట్టుకున్నాను. మెషిన్ నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగుతుంది, ఆడగొంతు మగగొంతు అవుతుంది. ఇక్కడ పాట ఆగింది గాని శ్రుతి దిగలేదు. కాసిం సాబ్ ప్లేటులోనూ ఆ రోజు నేను ఆకురాయి పట్టకముందు దిగలేదు. ఇది నా పనిలో మొట్టమొదట నేర్చుకునే సంగతి. తాళం కోసం వెతుకుతూ దాన్ని వినలేదు.

కొత్తకోట వెళ్లి ఆయన ముందు అంతా ఒప్పుకున్నాను. అరిగిన రంధ్రంలో సన్నని అట్టముక్క సర్ది, ప్లేటును నడుమకు తెచ్చి వేశాను. మూలుగు పోయింది. పియానో శుభ్రంగా నడిచి, నడిచి, నిలబడింది.

కాసిం సాబ్ నా ముఖం చూశాడు. “ఇప్పుడు ఆగింది ఆయననా, మెషినా?”

“ఆయనే సాబ్.”

“అప్పుడు కూడా గిట్లనే గట్టిగ చెప్పినవ్ బేటా,” అన్నాడు. కోపంగా అనలేదు. పాట ముగిసేదాకా విన్నాడు గాని, తర్వాత ఆగిన ప్రతిచోటా నా వైపే చూశాడు.

ఆ పియానో ఆయన అక్కడ ఎందుకు ఆగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆగడం బాగుందో లేదో కూడా చెప్పలేను. ఆ తర్వాత మాత్రం ఏ మెషిన్ వచ్చినా, దాని ఆసామిని పక్కన కూర్చోబెట్టుకుని ఆయనకేం వినబడుతున్నదో ముందు చెప్పించుకుంటున్నాను. నాకు అర్థం కాకపోతే, అర్థం కాలేదని చెబుతున్నాను. బాలయ్య ముందు ఆ ఒక్కమాట అనడానికి ఆ రోజు సిగ్గుపడ్డాను.