వరసక్క మొత్తుకోలు

ఆమెని ఆఫీసులో అందరూ వరసక్క అంటారు. వయసు నలభై ఆరు. నెట్‌వర్క్ పెట్టెలు తయారుచేసే కంపెనీలో పంతొమ్మిదేళ్లుగా వాటిని పరీక్షించడమే ఆమె పని. ల్యాబులో ఫ్యాన్ల హోరు రోజంతా ఆగదు. చలికి స్వెట్టరు, హోరుకి చెవుల్లో దూది. ఏ కొత్త పెట్టె వచ్చినా మొదట ఒకటే అడుగుతుంది: "లోపలికెళ్లిన వరసలోనే బయటికొస్తున్నాయా?" ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఆ ఏడాది వచ్చిన పెట్టెలో ఒక్క చిప్పు మీదే డెబ్బై రెండు కోర్లు, అంటే దేనికది విడిగా పనిచేసే బుర్రలు. వైరు మీద డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. కోరు ఒక ప్యాకెట్ అందుకుని, అది ఎక్కడికి పోవాలో చూసి, అటు తోసేస్తుంది. ఏ కోరు ఖాళీగా ఉంటే తర్వాతి ప్యాకెట్ దానికే ఇచ్చేలా మేనేజరు ప్రోగ్రాం రాయించాడు. ఆమెకంటే పదకొండేళ్లు చిన్నవాడు, మహా హుషారు మనిషి. వేగం దాదాపు రెట్టింపయింది. గోడమీది తెరలో వేగం చూపించే పచ్చగీత పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోరోజే వరసక్క తప్పు పట్టుకుంది. ఒకే ఫోన్ కాల్ ప్యాకెట్లు పదీ పన్నెండు కోర్లకి చెదిరిపోతున్నాయి. రద్దీ పెరిగితే కొన్ని కోర్లు బరువైన పనిలో ఇరుక్కుపోతున్నాయి. ఆరో ప్యాకెట్ వెళ్లిపోయాక నాలుగోది తీరిగ్గా బయల్దేరుతోంది. అవతలి ఫోను అంతసేపు ఆగదు, ఆలస్యంగా వచ్చినదాన్ని పారేస్తుంది. మాట మధ్యలో తెగిపోతుంది.

"ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు కదా మేడమ్?" అన్నాడు మేనేజరు.

"పోలేదు సార్, ముందువెనకలయ్యాయి. ఒక కాల్‌వన్నీ ఒకే కోరుకి పంపితే సరిపోతుంది."

"ప్యాకెట్లకి కూడా వావివరసలు చూడాలంటారు!"

గదంతా గొల్లున నవ్వింది. ఆమెకి ఒళ్లు మండింది. అయినా తమాయించుకుని, సీటుకెళ్లి రిపోర్టు రాసింది. ప్రోగ్రాం రాసినవాళ్లు 'మాకు ఆ తప్పు కనబడలేదు' అని మూసేశారు. ఇంకోటి రాసింది. అదీ మూసేశారు. మూడోదాన్ని అసలు తెరిచిన పాపాన పోలేదు.

ఈలోగా ఆఫీసు ఫోన్లు కూడా ఆ పెట్టెకే తగిలించారు. పెట్టె కొనబోయేది అంబులెన్సుల కంట్రోల్ రూము. వాళ్లకి మేనేజరు ఫోన్ చేసి "సోమవారం రావద్దు" అన్నాడు. 'వద్దు' దారిలోనే రాలిపోయింది. సోమవారం పొద్దున్నే నలుగురు మనుషులు వ్యానులో దిగారు. మేనేజరు నానా తంటాలూ పడి వాళ్లని సాగనంపి, ఫోన్లు నాసిరకమని తేల్చి, ఫ్లోరంతటికీ కొత్త హెడ్‌సెట్లు తెప్పించాడు.

ఆ సాయంత్రం వరసక్క ఇంటికెళ్లి బ్యాగు విసిరినట్టు పెట్టింది. భర్త కూరగాయలు తరుగుతున్నాడు.

"చెప్పాల్సింది చెప్పావు, ఇక వదిలెయ్" అన్నాడు.

"ఎలా వదిలెయ్యమంటారు? అక్కడికి ఫోన్ చేసేవాళ్లు అంబులెన్సు కోసం చేస్తారు. ఇంటి నంబరులో ఒక అంకె ఎగిరిపోతే?"

ఆయన కత్తి పక్కన పెట్టాడు.

మర్నాడు ఆమె పెట్టె మీద నిండా రద్దీ పెట్టి, ఫోన్లో ఇరవై చిరునామాలు చదివి, అవతలి గొంతు రికార్డు చేసింది. మీటింగులో ఎవర్నీ అడక్కుండానే వినిపించింది. ఏడు చిరునామాల్లో అంకెలు తెగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. "సరే, మార్చండి" అన్నాడు మేనేజరు తల దించుకుని.

మార్చారు. కాల్స్ గంట కొట్టినట్టు వినిపించాయి. కానీ పచ్చగీత అయిదో వంతు కిందికి జారింది. భారీ డేటా ఒకే కోరు నెత్తిన పడి, పక్క కోర్లు ఖాళీగా కూర్చుంటున్నాయి. అమ్మకాల పెద్దాయన పరుగున వచ్చాడు. "ఈ అంకె చూపిస్తే ఎవడు కొంటాడు?"

చివరికి తేల్చిందేమిటంటే, ఆ మార్పు పెట్టెలో ఉంటుంది, కానీ ఆపేసి ఉంటుంది. కావలసినవాళ్లు ఆన్ చేసుకోవచ్చు.

"అలాంటిది ఉందని వాళ్లకెలా తెలుస్తుంది సార్?" గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. ఎలా ఆన్ చేయాలో పేజీన్నర తనే రాసిచ్చింది. మాన్యువల్లో రెండువందల పద్నాలుగో పేజీలో దూర్చారు.

పెట్టె కంట్రోల్ రూముకి చేరగానే ఎవరి అనుమతీ అడగకుండా అక్కడి ఇంజినీరుకి ఫోన్ చేసింది. దగ్గరుండి చేయించినట్టు ఒక్కో మెట్టూ చెప్పి ఆన్ చేయించింది.

"భలే తేడా ఉందమ్మా" అన్నాడాయన. "మరి దీన్ని మొదటే ఎందుకు ఆపిపెట్టారు?"

"మావాళ్లని అడిగి చెప్తానండీ" అందామె.

ఇది జరిగి ఏడు నెలలైంది. పెట్టెలు ఇంకా అలాగే, ఆ మార్పుని ఆపేసే వెళ్తున్నాయి. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది.