అత్త తన పేరే పెట్టుకుని పాడిన పాట

"ఇక్కడ పెట్టత్తా సంతకం" అని వేలితో చూపించింది నేనే. ఆ వేలిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది తమిళనాడు సరిహద్దులో, ఊత్తుకోట పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా మేనత్త నోరు తెరిస్తే తెలుగే, కానీ తెలుగు అక్షరం చదవలేదు. నేను తిరువళ్లూరులో ఆఫీసు ఉద్యోగం చేస్తూ, మన తెలుగు పోతోందని కనిపించినవాళ్లందరి దగ్గరా వాపోయేదాన్ని. అది విని, సరిహద్దు తెలుగును ఫోన్ యాప్‌లో దాస్తామని ఒక కంపెనీవాళ్లు ఇద్దరు వచ్చారు. నేనే ఇంటికి తీసుకెళ్లాను.

నాట్ల పాటలు అత్త సంతోషంగానే పాడింది. వాళ్లకు చావు పాట కావాలి. మా ఇళ్లలో అది పెద్ద ఆడదే పాడాలి. శవం ఇంట్లో ఉన్నంతసేపే, పోయినవాళ్ల పేరు పెట్టి పాడాలి. శవం వెళ్లాక గడప కడిగితే పాట అక్కడితో సరి. అత్త కుదరదంది. నువ్వు పోతే అదీ పోతుంది కదా అని నేను ప్రాణం తీశాను. చివరికి ఒప్పుకుంది.

"బతికుండేవాళ్ల పేరు పెడితే కీడు. నా పేరే పెట్టుకుంటా. ఇది మాత్రం ఈ గడప దాటి పోకూడదు" అంది.

వాళ్లు తలూపారు. అత్త తలుపు మూయించి, తన పేరే పిలుచుకుంటూ తనకోసం తానే ఏడ్చింది. తరువాత వాళ్లు ఇంగ్లీషు కాగితాలు ఇచ్చారు. నేను మొదటి పేజీ చదివి, మిగతాది మామూలే అనుకున్నాను. అత్త తమిళంలో సంతకం పెట్టింది. వాళ్లు వెళ్లగానే గడప కడిగింది.

కొన్నాళ్లకు తిరుత్తణిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో అత్త గొంతు వినిపించింది. వాళ్ల యాపే. ఆ చావు పాటలో ఒక మాట తీసేసి, ఖాళీ నింపమంటూ కింద నాలుగు మాటలు ఇచ్చారు. సరైనది నొక్కితే చప్పట్లు. తింటున్న ఆకు మడిచి లేచాను.

తీసేయమని వాళ్లకు రాశాను. హక్కులన్నీ తమవేనని, చివరి పేజీలో ఉందని, పాటను కాపాడినందుకు కృతజ్ఞతలని జవాబు వచ్చింది. కాపాడారట. ఎవరి నుంచి?

మొన్న మా పెద్దమ్మ పోయింది. ఆడవాళ్లంతా అత్త వైపు చూశారు. అత్త పాట ఎత్తుకోలేదు. వెంగల్ నుంచి వచ్చిన ఒక కోడలు, మంచి మనసుతోనే, ఫోన్ తీసి యాప్‌లో ఆ పాట పెట్టింది. పెద్దమ్మ శవం ముందు అత్త గొంతు అత్త పేరే పిలుస్తూ ఏడ్చింది. నేను ఫోన్ లాక్కుని ఆపాను.

అత్త నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు.

"నన్ను అప్పుడే ఏడ్చేసినారు. ఇంక నేను యాడ పాడేది? నువ్వే గదా దాపెట్టమంటివి. నువ్వే పాడు మే."

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. నాకు మొదటి రెండు మాటలు దాటి రాదు. యాప్‌లో ఉందిలే అని నేను నేర్చుకోలేదు.