అక్కయ్య ఇచ్చిన గడువు

అట్టపెట్టెల కార్ఖానాకు బాకీలు వసూలు చేసే అక్కయ్యకు డబ్బు అడగడం రాదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పనే చేస్తోంది గానీ, ఒక్కనాడూ నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. కొట్టుకు వెళ్తుంది, స్టూలు లాక్కుని కూర్చుంటుంది, మీ మోకాలు ఎలా ఉంది, పిల్ల పరీక్షలు ఎలా రాసింది అని కబుర్లలో పడుతుంది. పావుగంట గడిచేసరికి ఎదుటివాళ్ళే ముఖం చెల్లక, "అక్కా, గురువారం ఇచ్చేస్తాను" అంటారు. గురువారం ఇస్తారు కూడా. మళ్ళీ మళ్ళీ తిరిగి చెప్పులరగదీసుకునే మగ గుమాస్తాలు ఆమెను చూసి కుళ్ళుకునేవారు.

కార్ఖానా ఆమె తమ్ముడిది. పెట్టెలు చక్కగా చేస్తాడు గానీ, బాకీ మాటెత్తాలంటే నీళ్ళు నములుతాడు. ఇవాళ సరుకు పంపితే డబ్బు చేతికొచ్చేది రెండు మూడు నెలలకు. కాగితం మిల్లువాడు మాత్రం రొక్కం పడందే లారీ కదలనివ్వడు. పనివాళ్ళ జీతాలు శనివారం శనివారం ఇచ్చి తీరాలి. ఆ మధ్యలో ఖాళీని పూడ్చేది అక్కయ్య కాళ్ళే.

ఒకరోజు తమ్ముడు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. "అక్కా, ఈయన ఇకమీదట వసూళ్ళలో మనకి సాయం చేస్తారు. మన ఖాతాదార్ల గురించి కాస్త చెప్పు" అన్నాడు. ఇన్నాళ్ళకి నా కాళ్ళనొప్పులు వీడికి గుర్తొచ్చాయి, నాకింద ఒక మనిషిని పెడుతున్నాడు అని అక్కయ్య పొంగిపోయింది.

మూడు మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెప్పుల కొట్టాయన మామగారి ఎదుట పరువుకు పోతాడని, అప్పుడు వెళ్తే వెంటనే గల్లాపెట్టె తెరుస్తాడని చెప్పింది. మందుల కొట్టువాడు నెల మొదటివారం దాటితే చిక్కడని చెప్పింది. చివరికి కేకుల కొట్టావిడ సంగతీ చెప్పేసింది. ఆవిడ భర్తకు ఆపరేషన్ అయింది, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఏ గదిలోనో కూడా చెప్పింది. ఆవిడ అడక్కుండానే అక్కయ్యే రెండు నెలలు గడువిచ్చింది.

"మాట తప్పే మనిషి కాదండీ. గట్టిగా అడిగితే ఉన్నదంతా అమ్మేసైనా కట్టేస్తుంది. అందుకే నేను అడగను" అంది.

కళ్ళజోడాయన శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ మాటలో "అందుకే నేను అడగను" అన్నది తప్ప మిగతాదంతా ఆయనకు పనికొచ్చిందని అక్కయ్యకు నెల తిరక్కుండానే తెలిసింది.

ఆవేళ అటుగా వెళ్తూ, డబ్బు కోసం కాదు, ఊరికే పలకరిద్దామని కేకుల కొట్టులో అడుగుపెట్టింది. లోపల పెద్ద ఓవెన్ ఉండే చోట గచ్చు మీద నల్లటి మచ్చ ఒక్కటే ఉంది. కొట్టావిడ తలెత్తి చూసింది.

"రండి మేడమ్."

అక్కయ్య వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

"డబ్బు కట్టేశాను మేడమ్, మీవాళ్ళకి" అంటూ కొట్టావిడ సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చింది. ఈ బిల్లులను మా కంపెనీ కొనుగోలు చేసింది, సొమ్ము ఇకపై మాకే చెల్లించాలి, పది రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ పడుతుంది అని ఉంది అందులో. కింద తమ్ముడి సంతకం.

"నేను రెండు నెలలు ఆగమన్నాను కదమ్మా!"

"మీరు ఆగమన్నారు. నేనూ నమ్మాను. ఫోన్ చేసినాయన మా ఆయన ఆసుపత్రి గది నంబరుతో సహా చెప్పాడు. మీకు తప్ప ఆ నంబరు నేనెవరికీ చెప్పలేదు మేడమ్."

అక్కయ్యకు తల కొట్టేసినట్టయింది. నాకు తెలియదమ్మా అని చెబుదామనుకుంది. పంతొమ్మిదేళ్ళు ఊరందరి గుట్టూ కడుపులో దాచుకున్న మనిషి నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? తనకే నమ్మబుద్ధి కాలేదు. రోడ్డు మీదకొచ్చాక ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండిపోయింది. బయటివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకోవచ్చు, తోడబుట్టినవాడే నమ్మించి గొంతు కోస్తే ఎవరితో చెప్పుకోవాలి?

నేరుగా కార్ఖానాకు వెళ్ళి నిలదీసింది. తమ్ముడు తప్పించుకోలేదు, దబాయించనూ లేదు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నిజమే అక్కా, బిల్లులు ఆ కళ్ళజోడాయన కంపెనీకి అమ్మేశాను. నూటికి ఎనభై అక్కడికక్కడే ఇచ్చారు. మిగతాది వసూలయ్యాక కమిషన్ పట్టుకుని ఇస్తారు. బ్యాంకువాళ్ళు ఇల్లు తాకట్టు పెట్టమన్నారు. వీళ్ళకి ఇల్లక్కర్లేదు, మన ఖాతాదార్లు కట్టేవాళ్ళయితే చాలు. వెంటపడే తలనొప్పీ వాళ్ళదే. పోయిన రెండు శనివారాలు జీతాలు ఎలా ఇచ్చాననుకున్నావు?"

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే ఆమెకు మరీ మంట.

"నాతో ముందే చెప్పి చావొచ్చు కదరా?"

"చెబితే ఆయనకి ఒక్క ముక్కయినా చెప్పేదానివా?"

అక్కయ్య మిషన్ల చప్పుడు మధ్య వినిపిస్తుందో లేదోనని గొంతు పెంచింది.

"ఆవిడకి డబ్బు తిరిగి ఇప్పించు. ఆ ఒక్క బిల్లూ వెనక్కి తీసుకో."

"అమ్మేశాక అది మనది కాదక్కా."

"బిల్లు నీది, అమ్ముకున్నావు. నేనిచ్చిన మాట నాది కదరా! అది అమ్మడానికి నువ్వెవడివి?"

తమ్ముడు నొచ్చుకున్నాడు. అక్క అంత బాధపడుతుంటే ఓదార్పుగా ఏదైనా చెప్పాలనిపించింది వాడికి. లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అలా అనకు. అసలు నీ వల్లే ఈ బేరం కుదిరింది తెలుసా? మొదట నూటికి నాలుగు కమిషన్ అడిగారు. నువ్వు చెప్పిందంతా విన్నాక రెండున్నరకి దిగొచ్చారు. ఇంత గట్టి ఖాతాదార్లని ఎక్కడా చూడలేదన్నారక్కా."

తమ్ముడు ఆ మాట నిజంగా మెచ్చుకోలుగానే అన్నాడు.