చిన్నమ్మ దగ్గర కౌన్సెలింగ్ హోంవర్క్

నా కౌన్సెలింగ్ ఎం.ఏ.లో ఈ వారం హోంవర్క్ ఏమిటంటే, ఇంట్లో ఒకరి మాట వినాలి, సలహా ఇవ్వకూడదు, వాళ్ళ భావాన్ని వాళ్ళకే తిరిగి చెప్పాలి. ఈ రోజు మహారాష్ట్రలోని సిరోంచలో మా చిన్నమ్మ ముందు కూర్చున్నాను. ఆమె కొడుకు సతీశన్న నిరుడు ప్రాణహిత నదిలో మునిగి చనిపోయాడు.

“ఇంట్ల ఎవ్వలు వాని పేరెత్తుతలేరు” అంది చిన్నమ్మ.

మరాఠీలో నేర్చుకున్న పాఠాన్ని తెలుగులోకి తిప్పుకుని, “ఎవరూ పేరెత్తకపోవడం నీకు బాధగా ఉంది” అన్నాను.

“గదే కదనే నేను చెప్పింది. మళ్ల నాకే చెప్తవేంది?”

ఉండబట్టలేక, “సతీశన్న చిన్నప్పుడు ఎట్లుండె చిన్నమ్మా?” అని అడిగాను. అన్న పోయాక నేనూ ఆ పేరు పలకడం ఇదే మొదలు.

చీకటి పడేదాకా చెప్పింది. “వానికి ఈత నేనే నేర్పిన” అని ఏడ్చింది. చెయ్యి పట్టుకోవచ్చో లేదో క్లాసులో చెప్పలేదు. పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఏ పద్ధతి వాడావని రేపు సార్ అడిగితే ఏం చెప్పాలో తెలియదు. మీ ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేరు ఎత్తుతారా?