చేటలో వేసి చూసిన ఆకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే పట్టుపురుగులకే మర్యాద ఎక్కువ. పుంగనూరుకూ సోమలకూ నడుమ పల్లె మాది. డెబ్బైల్లో ఆ పక్క చాలామంది మల్బరీ పెట్టి పురుగులు మేపేవాళ్లు. కాళ్లు కడుక్కోకుండా ఆ గదిలోకి మా నాయన కూడా పోకూడదు. గదికి పెత్తనం మా అవ్వది, నాయన తల్లిది. ఆమె ఎవరినీ తొందరగా నమ్మే మనిషి కాదు. పాలు పోసేవాడిని నమ్మదు, మబ్బును నమ్మదు, నన్నసలే నమ్మదు.

ఆ యేడు వాన లేక బావి అడుగంటింది. పురుగులేమో ఆఖరి జ్వరం దాటి లేచాయి. జ్వరమంటే రోగం కాదు. పొర విడిచే ముందు పురుగు మేత మానేసి కదలకుండా పడుకోవడాన్ని మేం అట్లా అంటాం. లేచాక దాని ఆకలి ఇంతా అంతా కాదు. అప్పుడు కడుపు నిండకపోతే గూడు కట్టదు, పంట పోయినట్టే. సరిగ్గా అప్పుడే మాకు ఆకు అయిపోయింది. నాయన తెలిసిన తోటలన్నీ తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. తట్టల్లో పురుగులు తలలెత్తి ఊరికే ఆడిస్తున్నాయి. మా ఇంటికి గింజలు రావాల్సింది ఆ పంట మీదే.

మరుసటి పొద్దున పక్కింటి అక్క గంపెడు ఆకు నెత్తిన పెట్టుకుని మా వాకిట్లో నిలబడింది. నడిమి గోడ గురించి తగువుపడి, ఉగాది నుంచి ఆమెకూ మాకూ మాటల్లేవు. నాయన మొహం మాడ్చుకుని, మందు కొట్టిన ఆకేమో పారెయ్యమన్నాడు. టమోటా తోటకు కొట్టిన మందు పక్కనున్న మల్బరీ మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగు పచ్చగా కక్కి చస్తుంది. అమ్మేమో, ఎవరు తెస్తే ఏం, పురుగులు బతికితే చాలదా అని గంప అందుకోబోయింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవుర్ని అడిగి కోసినావు మే?"

"ఆకుకు గూడా ఊరూ పేరూ అడుగుతావా అవ్వా?"

"అడుగుతా. ఇది తింటే మా పురుగులకేమైతాది?"

"కడుపు నిండుతాది. ఇంకేమైతాది!"

"సరే. యాల తెచ్చినావు?"

ఎందుకు తెచ్చావన్న ఆ ప్రశ్నను మాత్రం అక్క దాటేసింది. గంప దించి అరుగు మీద కూర్చుంది. "నేనీడే ఉంటా. సస్తే నా కండ్ల ముందరే సావనీ" అంది.

అవ్వ కొన్ని పురుగులను తీసి చేటలో వేసి, గుప్పెడు ఆకు పరిచింది. నన్ను చేట ముందు కాపలా పెట్టి, తాను గడపలో కూర్చుంది. అరుగు మీద ఆమె, గడపలో ఈమె, ఒకరినొకరు చూసుకుంటూ. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేటలో ఈనెలు మిగిలాయి. ఒక్క పురుగూ కక్కలేదు. అప్పుడు అవ్వ గది తలుపు తీసింది.

తట్టలకు ఆకు పడిందో లేదో, ఊరి చివరి తోట ఆసామి అరుచుకుంటూ వచ్చాడు. తన తోటలో ఎవరో ఆకు కోసుకుపోయారట. మాకేం తెలియదు అనబోయాడు నాయన. అవ్వ అననివ్వలేదు. "నీ ఆకేనప్పా. మా పురుగులే తింటాండాయి" అని చెప్పేసింది.

అక్క లేచింది. "నీ పురుగులు గూళ్లు కట్టేసినాయి గదప్పా. ఆ ఆకు మేకలకే గదా పోయేది!"

"అడిగింటే ఇచ్చిందును గదా!"

"నిన్న ఈ అవ్వ కొడుకు అడిగితే ఇచ్చినావా?"

అక్క గెలిచిందనుకున్నాను. అవ్వ ఆమెనూ వదల్లేదు. "ఆయన ఇయ్యకపోతే అది ఆయన తప్పు. నువ్వు కోస్తే అది నీ తప్పు. తిన్నాం కాబట్టి మాదీ తప్పే" అంది. మళ్లీ చిగురొచ్చేదాకా ఆ తోట తవ్వకం నాయనా, అక్కా చేసేటట్టు ఒప్పందం కుదిరింది.

ఆసామి పోయాక అవ్వ మళ్లీ అడిగింది. "ఇప్పుడన్నా చెప్పు. యాల?"

అక్క గోడ వైపు చూసింది. "మీ పురుగులు నమిలే సప్పుడు గోడకవతల నాకు ఇనపడతాది అవ్వా. నిన్నట్నుంచి ఇనపడలా. పొయ్యి ముట్టించను మనసు రాలా."

అవ్వ లోపలికి పోయి సంగటి తెచ్చి ఆమె ముందర పెట్టింది. మరుసటి పంటకు అదే అక్క తన చేలో మళ్లీ చిగురించిన ఆకు తెచ్చినప్పుడు మాత్రం, ముందు చేటలోనే వేసి చూసింది. అక్క కూడా ఏమీ అనుకోకుండా అరుగు మీద కూర్చుంది.

నాకు అక్షరాలు వచ్చింది బిడ్డల పెళ్లిళ్లయ్యాక, రాత్రి బడిలో. మొన్న మదనపల్లెలో చదివే మా మనవరాలి పుస్తకం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. మంచీ చెడ్డా తేల్చడానికి పాతకాలం పెద్దలు చెప్పిన దోవలున్నాయి అందులో. కట్టుబాటు తప్పావా లేదా చూడమంటారు కొందరు. దానివల్ల ఏం జరిగిందో చూడమంటారు ఇంకొందరు. చేసిన మనిషి ఎట్లాంటిదో, ఏ మనసుతో చేసిందో చూడమంటారు మిగిలినవాళ్లు. ఎవరికి వాళ్లు తమదే సరైన దోవ అంటారు. మా అవ్వ ఆ మూడూ ఒక్క గంప ముందు నిలబడి అడిగింది. అందుకే, ఒక్క ప్రశ్నతో తీర్పు చెప్పేవాణ్ణి చూస్తే నాకు అనుమానం, వాడు ఎంత చదివినా సరే.

ఇప్పుడు నేనుండే ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ ఉంది. ఆ ఇంటివాళ్లను నేను నమ్మను. పొద్దున్నే వాళ్ల కుక్కర్ కూత వినపడకపోతే మాత్రం పోయి తలుపు తడతాను.